పడని మంచుకు కూలి

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల టౌన్‌హౌస్ కాలనీల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ కాలనీల సంఘాలకు ఏటా ఒక తలనొప్పి తప్పదు. వచ్చే చలికాలం రోడ్ల మీదా నడకదారుల మీదా మంచు తీయించే పనికి కాంట్రాక్టు ఎలా రాసుకోవాలి? సీజన్ కాంట్రాక్టయితే మంచు పడినా పడకపోయినా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కలిపి ఒకే మొత్తం. పుష్ లెక్కయితే ప్లౌ బండి వచ్చి మంచు నెట్టిన ప్రతిసారీ ఒక బిల్లు, రాకపోతే ఏమీ లేదు. 2024 ఫిబ్రవరి నెలాఖరున దీని మీద ఒక మేనమామకూ మేనకోడలికీ నడిచిన వాదన ఇది. మేనకోడలు సంఘానికి కోశాధికారి, ఉద్యోగం ఇన్సూరెన్స్ లెక్కల్లో. మామయ్యది దివిసీమ. ఇక్కడ రోడ్ల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు.

మేనకోడలు: మామయ్యా, సీజన్ కాంట్రాక్టు ఈసారి వదిలేద్దామనుకుంటున్నాను. మీటింగులో మీరు అడ్డం తిరిగితే సగం మంది మీ వెనక నిలబడతారు. అందుకే ముందే మీ దగ్గరికొచ్చాను.

మామయ్య: అడ్డం తిరుగుతానని తెలిసే వచ్చావన్నమాట. సరే, చెప్పు. ఎందుకు వదిలేయాలి?

మేనకోడలు: రెండేళ్లుగా పడని మంచుకు కూలి కడుతున్నాం కాబట్టి. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 1869 నుంచి వాతావరణం లెక్కలు రాస్తున్నారు. కిందటి చలికాలం అక్కడ కొలవదగ్గ తొలి మంచు ఎప్పుడు పడిందో తెలుసా? 2023 ఫిబ్రవరి 1న. అదీ 0.4 అంగుళం. మామూలుగా డిసెంబరు మధ్యకల్లా పడాల్సింది. అంతకుముందు ఆలస్యానికి రికార్డు 1973 జనవరి 29. డిసెంబరూ ఉత్తదే, జనవరీ ఉత్తదే. సీజనంతా కలిపితే 2.3 అంగుళాలు. నూట యాభై ఏళ్ల పైచిలుకు రికార్డులో అంత తక్కువ ఎప్పుడూ లేదు.

మామయ్య: సెంట్రల్ పార్కు మంచు మన పార్కింగ్ లాట్ మంచు కాదుగా.

మేనకోడలు: కాదు. కానీ తుఫాను ఒకటే, సముద్రం ఒకటే. అక్కడ వాన పడిన రోజున ఇక్కడ పడింది కూడా చాలాసార్లు వానే. ఇంకోటి వినండి. ఒక్క రోజులో అంగుళం మంచు పడటం అక్కడ 2022 ఫిబ్రవరిలో ఆగింది. మళ్లీ అంత పడింది మొన్న జనవరి 16న. మధ్యలో 701 రోజులు. పాత రికార్డు 400 రోజులు, అది 1998 మార్చితో ముగిసింది. దానికీ దీనికీ మూడొందల రోజుల తేడా.

మామయ్య: నీ లెక్కల్లో తప్పు లేదు. నువ్వు పిలుచుకొచ్చిన సాక్షి మీదే నాకు అనుమానం. ‘కొలవదగ్గ మంచు’ అంటే ఏమిటో తెలుసా?

మేనకోడలు: అంగుళంలో పదో వంతు.

మామయ్య: ఎలా కొలుస్తారు? తెల్ల రంగు వేసిన పలక ఒకటి, ఆరుబయట గాలి సుడి తిరగని చోట నేల మీద పెడతారు. మంచు ఆగాక దాని మీద స్కేలు నిలబెట్టి పదో వంతు దాకా చూసి రాసుకుంటారు. తర్వాత పలక తుడిచేసి మళ్లీ పెడతారు. పదో వంతుకు చేరలేదనుకో, ‘ట్రేస్’ అని రాస్తారు. గంటసేపు రేకులు రేకులుగా పడి పలకను తాకగానే కరిగిపోయినా ట్రేసే. నీ దృష్టిలో ఆ రోజు మంచు పడనట్టే. ఆ రాత్రి అర డిగ్రీ చల్లగా ఉండుంటే అదే తొలి మంచు అయ్యేది, నీ రికార్డు నెల ముందుకు జరిగేది. తొలి మంచు తేదీ అంటే ఒక్క రాత్రి, ఒక్క మబ్బు, అర డిగ్రీ. ఆ సాక్షి మాట మీద కేసు గెలవలేవు.

మేనకోడలు: ఒక్క ఏడైతే గెలవలేను, నిజమే.

మామయ్య: ఒక్క ఏడు సంగతి కూడా ఆ తేదీ చెప్పదు. 2011 గుర్తు తెచ్చుకో. అక్టోబరు 29న, హాలోవీన్‌కి రెండు రోజుల ముందు, సెంట్రల్ పార్కులో 2.9 అంగుళాలు. అక్టోబరులో అంగుళం మంచు పడటం ఆ రికార్డులో అదే మొదటిసారి. చెట్లకు ఆకులింకా రాలలేదు. తడి మంచు ఆకుల మీద పేరుకుని, కొమ్మలు ఫెళఫెళా విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. న్యూజెర్సీలో రోజుల తరబడి కరెంటు లేని ఇళ్లు ఎన్నో. ఇక ఈ చలికాలం పని అయిపోయిందిరా అనుకున్నాం. తీరా చూస్తే సీజన్ మొత్తం 7.4 అంగుళాలు! తొలి మంచు అంత తొందరగా పడిన ఏడే మంచు కరువు.

మేనకోడలు: అయితే తేదీ వదిలేస్తాను, మొత్తాలే తీసుకుందాం. 1991 నుంచి 2020 దాకా ముప్పై ఏళ్ల సగటు 29.8 అంగుళాలు. 2019–20లో పడింది 4.8. 2022–23లో 2.3. ఈ సీజన్‌లో ఇప్పటిదాకా 7.5, ఇక పెద్దగా పడే సూచనా లేదు. అయిదు చలికాలాల్లో మూడింట పది అంగుళాలు కూడా దాటలేదు. ఒక్క న్యూయార్కే కాదు. ఫిలడెల్ఫియాలో కిందటేడు మొత్తం కలిపి 0.3 అంగుళం. బోస్టన్‌లో 12.4. తొమ్మిదేళ్ల కిందట అదే బోస్టన్‌లో 110.6 పడి, తవ్విన మంచు పోయడానికి చోటు లేక అల్లాడారు.

మామయ్య: అలాగే నా అయిదారేళ్లూ విను. 2009–10లో సెంట్రల్ పార్కులో 51.4 అంగుళాలు. మరుసటేడు 61.9. 2013–14లో 57.4. 2014–15లో 50.3. ఆరు చలికాలాల్లో నాలుగింట యాభై దాటింది. అప్పటికి భూమి చల్లగా ఉందా? లేదుగా. ఇంకా వెనక్కి వెళ్లు. 1972–73లో 2.8 అంగుళాలు. అప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికంటే ఎంత తక్కువ! 2001–02లో 3.5. అది చూసి ఏ సంఘమైనా సీజన్ కాంట్రాక్టు వదిలేసుకుని ఉంటే, మరుసటి చలికాలం 49.3 అంగుళాలకు పుష్ లెక్కన బిల్లులు కట్టి ఉండేది. సముద్రపు ఒడ్డున మంచు ఎప్పుడూ ఇంతే. పడితే విరగబడుతుంది, లేకపోతే మొహం చాటేస్తుంది.

మేనకోడలు: ఒడ్డున ఎందుకలా అన్నదే నా ప్రశ్న. ఇందాక మీరు ‘అర డిగ్రీ’ అన్నారు. అదే నా వాదనకు మూలం. లోపలి ఊళ్లలో, కొండల మీద మంచు పడే రాత్రి ఉష్ణోగ్రత మైనస్ ఆరో ఏడో ఉంటుంది. గాలి ఒకటిన్నర డిగ్రీ వేడెక్కినా అక్కడ మంచు మంచుగానే పడుతుంది. ఒడ్డున ఉన్న మనం మొదటినుంచీ సున్నా గీత మీదే కూర్చున్నాం. చాలా తుఫానుల్లో ఇక్కడ సున్నాకు ఒక డిగ్రీ అటో ఇటో. అదే ఒకటిన్నర డిగ్రీ ఇక్కడ మంచును వాన చేసేస్తుంది. అందుకే అందరికంటే ముందు దెబ్బ తగిలేది ఒడ్డుకే.

మామయ్య: గీత మీద కూర్చున్నామన్నది ఒప్పుకుంటాను. టీవీలో వాతావరణం చెప్పేవాళ్లకు ఐ-95 హైవే తప్ప ఇంకో గీత తెలియదు. దానికి పడమట మంచు, తూర్పున వాన, మధ్యలో మనం.

మేనకోడలు: ఆ గీతను లోపలికి నెట్టేది సముద్రమేగా. నేల త్వరగా చల్లబడుతుంది, నీళ్లు ఆలస్యంగా చల్లబడతాయి. డిసెంబరు మొదట్లో న్యూజెర్సీ ఒడ్డున నీళ్లు ఇంకా పది డిగ్రీల దగ్గరే ఉంటాయి. మూడు నాలుగు డిగ్రీలకు దిగేది ఫిబ్రవరిలో. కాబట్టి డిసెంబరులో తూర్పు గాలి వీచిందంటే ఆ వెచ్చదనాన్ని మోసుకొచ్చి మన మీద పోస్తుంది. తొలి మంచు ఎప్పుడూ లోపల ముందు, ఒడ్డున తర్వాత పడేది అందుకే. ఆ నీళ్లే ఇంకాస్త వెచ్చనైతే? మనకు ఉత్తరాన గల్ఫ్ ఆఫ్ మెయిన్ ఉంది. 2004 నుంచి 2013 మధ్య ఆ నీళ్లు ప్రపంచ సముద్రాల్లో 99 శాతం కంటే వేగంగా వేడెక్కాయని 2015లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది.

మామయ్య: నీళ్ల సంగతి సరే. కానీ మంచు పడేదీ లేనిదీ ముందు తేల్చేది తుఫాను దారి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మ్యాపులో చూసిన చుక్క ఒకటే. నలభై డిగ్రీల ఉత్తర అక్షాంశం, డెబ్బై డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే చోటు. నాంటుకెట్ ద్వీపానికి దక్షిణాన, నడి సముద్రంలో. ఈశాన్య గాలితో వచ్చే నార్ఈస్టర్ తుఫాను కేంద్రం ఆ చుక్క మీంచో దగ్గర్నుంచో వెళ్లి, పైన కెనడాలో క్విబెక్ మీద చలిగాలి గుట్టలా కూర్చుని ఉంటే, ఆ రాత్రి మాకు నిద్ర ఉండదని అర్థం. తుఫాను ఒడ్డును రాసుకుంటూ వచ్చిందా, గాలి సముద్రం మీంచి తిరిగి అంతా వాన. మరీ దూరంగా పోయిందా, ఏమీ లేదు. 1996 జనవరిలో సరిగ్గా కుదిరింది. మూడు రోజుల తుఫానుకు సెంట్రల్ పార్కులో 20.2 అంగుళాలు, నెవార్క్‌లో 27.8. మీ అత్తయ్య డ్రైవ్‌వేలో కారు ఎక్కడుందో కర్రతో పొడిచి వెతికింది. ఆ సీజన్ మొత్తం 75.6 అంగుళాలు, ఇప్పటికీ అదే రికార్డు. కిందటేడు తుఫాన్లన్నీ తప్పుదారి పట్టాయి. అంతే.

మేనకోడలు: ఆ తప్పుదారి ఎలా ఉందో 2022 డిసెంబరు 23 చెబుతుంది. తుఫాను కేంద్రం లోపలికి, గ్రేట్ లేక్స్ వైపు పోయింది. పొద్దున న్యూయార్క్‌లో వాన. క్వీన్స్ ఒడ్డున సముద్రం వీధుల్లోకొచ్చింది. సాయంత్రానికి ఎముకలు కొరికే చలి, వీధిలో నిలిచిన నీళ్లు గడ్డకట్టాయి. మంచు మాత్రం లేదు. అదే రాష్ట్రంలో బఫెలో విమానాశ్రయంలో ఆ నాలుగైదు రోజుల్లో 51.9 అంగుళాలు. ఈరీ కౌంటీలో 40 మందికి పైగా పోయారు. కొందరు కార్లలో చిక్కుకుని, కొందరు కరెంటు పోయిన ఇళ్లలో.

మామయ్య: అక్కడా నీళ్లేగా! ఈరీ సరస్సు అప్పటికింకా గడ్డకట్టలేదు.

మేనకోడలు: అదే చూడండి. ఆ గాలి ఆర్కిటిక్ నుంచి మైనస్ పదో పన్నెండో మోసుకొచ్చింది. సరస్సు దాటేలోగా తేమ అయితే పట్టింది కానీ, సున్నా దాటేంత వేడెక్కలేదు. మన తూర్పు గాలి వందల మైళ్లు వెచ్చటి నీళ్ల మీద ప్రయాణం చేసి వస్తుంది. సరస్సు పక్కవాళ్లకు నీళ్లు మంచును ఇస్తాయి, సముద్రం పక్కవాళ్లకు డిసెంబరు నీళ్లు మంచును తినేస్తాయి.

మామయ్య: బాగా చెప్పావు. కానీ ఆ ఏడు పసిఫిక్ నీళ్లు చల్లబడే లానినా. వరసగా మూడో లానినా చలికాలం. తుఫాన్లన్నీ పడమటి తీరం మీద విరుచుకుపడ్డాయి. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల మీద సెంట్రల్ సియెరా స్నో ల్యాబ్‌లో 754 అంగుళాలు కొలిచారు. 1951–52 తర్వాత అంతటి మంచు అక్కడ అదే. మంచు ఈ దేశం వదిలిపోలేదమ్మాయ్, ఆ ఏడు అటు పడింది.

మేనకోడలు: కిందటేడు లానినా అన్నారు. మరి ఈ ఏడు? బలమైన ఎల్‌నినో. పసిఫిక్‌లో పూర్తిగా తిరగబడిన పరిస్థితి. అయినా మనకు మళ్లీ 7.5 అంగుళాలే. లానినా వచ్చినా లేదు, ఎల్‌నినో వచ్చినా లేదు. రెండు పాచికలకూ ఒకే అంకె పడితే పాచికల్నే అనుమానించాలిగా?

మామయ్య: రెండుసార్లే వేశావు. రెండు పాచికలు చూసి జూదగాడు కూడా ఇల్లు తాకట్టు పెట్టడు. పైగా 1972–73 కూడా బలమైన ఎల్‌నినోయే. అందులో మంచు పడకపోవడం కొత్తేం కాదు.

మేనకోడలు: సరే. మరి అదే ఒడ్డున మంచు విరగబడ్డ ఏడూ ఉందంటారుగా?

మామయ్య: ఎందుకు లేదు? 2022 జనవరి. అట్లాంటిక్ సిటీలో, సముద్రం అంచున, జూదశాలల ముందు, ఒక్క నెలలో 33 అంగుళాల పైన పడింది. అక్కడి రికార్డులో అంత మంచు పడిన జనవరి ఇంకొకటి లేదు. తుఫాను ఒడ్డుకు దూరంగా నడిచింది. మనకంటే వాళ్లకే ఎక్కువ. సముద్రం మంచును తినేస్తుందన్నావే, ఆ నెల ఎందుకు తినలేకపోయింది? చలి సిద్ధంగా ఉన్న రోజున అదే సముద్రం తేమ అందిస్తుంది కాబట్టి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదని చదివావు కదా? నీ శాస్త్రమే అది. మంచు పడే రోజులు తగ్గుతాయి, ఒప్పుకుంటాను. పడిన రోజున మాత్రం గట్టిగా పడుతుంది. 2015 డిసెంబరు గుర్తుందా?

మేనకోడలు: క్రిస్మస్ ముందు రోజు పొట్టి చేతుల చొక్కాలతో తిరిగాం.

మామయ్య: ఆ రోజు న్యూయార్క్‌లో 22 డిగ్రీలు. డిసెంబరంతా కొలవదగ్గ మంచు లేదు. జనవరి సగం దాటాక గానీ తొలి మంచు పడలేదు. అప్పుడు కూడా నీలాంటివాళ్లు ఈ ఏడు ఇంతేలే అన్నారు. తర్వాత కొద్ది రోజులకే, జనవరి 22 నుంచి 24 మధ్య, సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు. 1869 నుంచి చూసినా ఒక్క తుఫానుకు అంత ఎప్పుడూ పడలేదు. ఆ సీజన్ మొత్తం 32.8. అంటే ఆరింట అయిదొంతులు ఒక్క వారాంతంలో. తొలి మంచు అంత ఆలస్యమైన ఏడే అతి పెద్ద తుఫాను వచ్చింది. నువ్వు రద్దు చేద్దామంటున్నది ఆ వారాంతపు బీమా.

మేనకోడలు: మామయ్యా, ఇప్పుడు మీరు గెలిచింది కాంట్రాక్టు వాదన. శాస్త్రం వాదన నాకు వదిలేశారు. ఇందాకటి నుంచీ ‘మంచు ఎప్పుడూ ఇంతే’ అంటున్నారు. ఇప్పుడు వేడెక్కిన సముద్రం వల్లే మంచు రోజులు తగ్గి పెద్ద తుఫాన్లు వస్తాయంటున్నారు. ఇక మారనిది ఏమిటి?

మామయ్య: ఎప్పుడూ ఇంతే అన్న మాట ఎగుడుదిగుళ్ల గురించి. వాతావరణం మారలేదని నేననలేదు. తొలి మంచు తేదీ ఆ సంగతి చెప్పదన్నాను. నన్ను అడిగితే సాక్ష్యం రోడ్డు చెబుతుంది. నేను చేరిన కొత్తలో జనవరి వచ్చిందంటే రోడ్డు కింద నేల గడ్డకట్టి వారాల తరబడి అలాగే ఉండేది. రిటైరయ్యే నాటికి రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు పెరిగాయి. పగుళ్లలో నీళ్లు దూరుతాయి, రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరిగి ఖాళీ మిగులుతుంది, దాని మీంచి లారీ వెళ్లగానే గుంత. మంచు లేని చలికాలాలకు గుంతలు తక్కువని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. నువ్వు చూడాల్సింది రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతలు. ఒక్కో చలికాలంలో తొంభై రాత్రులుంటాయి, అన్నీ ఒకే రకంగా అబద్ధం చెప్పవు. తొలి మంచు ఒక్కటే రోజు.

మేనకోడలు: రాత్రుల లెక్క తీస్తే నేనే గెలుస్తాను.

మామయ్య: గెలువు. నాకభ్యంతరం లేదు. కాంట్రాక్టు మాత్రం ఆ గెలుపు మీద రాయకు. సగటు ఉష్ణోగ్రతకు ప్లౌ బండి రాదు.

మేనకోడలు: న్యూయార్క్ నగరమే సగటు మీద నడుస్తోంది. మంచు తీయడానికి వాళ్ల బడ్జెట్ కిందటి అయిదేళ్ల ఖర్చు సగటుగా ఉండాలని నగర చార్టర్‌లోనే ఉంది. అయిదేళ్లు మంచు పడకపోతే బడ్జెట్ దానంతటదే తగ్గుతుంది. మనమూ అలాగే చేద్దామంటే తప్పేంటి?

మామయ్య: వాళ్లకు తగ్గేది కాగితం మీద బడ్జెట్టు. చెత్త తీసే బళ్లే వాళ్లకు ప్లౌ బళ్లు, తుఫానొస్తే ముందు పలక బిగించి బయల్దేరదీస్తారు. మనుషులు జీతం మీద ఉన్నారు, ఉప్పు గుట్టలుగా పోసి ఉంది. డబ్బు చాలకపోతే ఇంకోచోటి నుంచి తెస్తారు. మనకేముంది? ఒక కాంట్రాక్టరు, అతనికి నాలుగు పికప్‌లు. పుష్ లెక్కన పనిచేసే చిన్న కాంట్రాక్టరుకు రెండేళ్లు మంచు పడకపోతే ఏమవుతుందో ఆలోచించావా? లారీ వాయిదాలు కట్టలేక ప్లౌ అమ్మేస్తాడు. డ్రైవర్లు గోడౌన్ ఉద్యోగాల్లో చేరిపోతారు. మూడో ఏడు ఇరవై అంగుళాలు పడిన రాత్రి నువ్వు ఫోన్ చేస్తే, ఉన్న బళ్లు ముందు సీజన్ డబ్బు కట్టిన షాపింగ్ సెంటర్లకు వెళ్తాయి. మన దగ్గరికి మధ్యాహ్నం వస్తాయి. ఆ లోపల డయాలసిస్‌కి వెళ్లాల్సిన పెద్దాయన ఎలా కదులుతాడు?

మేనకోడలు: అది నేను లెక్కలోకి తీసుకోలేదు.

మామయ్య: మా దివిసీమలో 1977 ఉప్పెన తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు. ఎన్నో ఏళ్లు పెద్ద తుఫాను రాదు. గోడలకు నాచు పడుతుంది, పిల్లలు ఆడుకుంటారు, ఎవరో ధాన్యం ఆరబోసుకుంటారు. అలాగని కూల్చేస్తారా?

మేనకోడలు: కూల్చరు. కానీ షెల్టరు కట్టినవాడు ఏటా ఉప్పెన వచ్చినంత కూలి అడగడుగా! మన సీజన్ రేటు దేని మీద కట్టారో చూశారా? ముప్పై ఏళ్ల సగటు మీద, 29.8 అంగుళాలకు. కిందటి పది చలికాలాలు కూడితే, ఈ సీజన్ ఇంతటితో ఆగితే, సగటు 24.6. కిందటి అయిదు తీసుకుంటే 14.2. ముప్పై ఏళ్లదొకటి, పదేళ్లదొకటి, అయిదేళ్లదొకటి. ఏ సగటుకు కట్టాలి?

మామయ్య: ఆ పదేళ్లు ఒక్కొక్కటే చదువు.

మేనకోడలు: 50.3, 32.8, 30.2, 40.9, 20.5, 4.8, 38.6, 17.9, 2.3, 7.5.

మామయ్య: ఇందులో 29.8కి దగ్గరగా వచ్చింది ఎన్నేళ్లు? 2016–17 ఒక్కటి. 32.8ని కూడా కలుపుదామంటే అది ఒకే తుఫాను పుణ్యం. నీ 24.6కి దగ్గరగా? ఒక్కటీ లేదు. 14.2కి? దానికీ లేదు. ‘సగటు చలికాలం’ ఈ ఒడ్డున ఎవరూ బతకని చలికాలం. యాభైకి భయపడాలి, రెండుకు డబ్బు మిగలాలి. మధ్యలో ఉన్న అంకెకు రేటు కడితే రెండువైపులా నష్టమే.

మేనకోడలు: అయితే మధ్య అంకె మీద కాకుండా రెండు చివరల మీద రాద్దాం. కాంట్రాక్టర్లు ఇచ్చే ఇంకో రకం ఉంది. సీజన్ మొత్తానికి ఒక రేటు, దానికి అడుగున ఒక ఫ్లోరు, పైన ఒక క్యాపు. మంచు ఫ్లోరుకన్నా తక్కువ పడితే కొంత డబ్బు వెనక్కి ఇస్తాడు, లేదా మరుసటేటికి జమ చేస్తాడు. క్యాపు దాటితే అక్కడినుంచి అంగుళాల లెక్కన మనం అదనంగా కడతాం. అతని బళ్లు అమ్ముడుపోవు, మనం ఖాళీ చలికాలానికి నిండు కూలి కట్టం.

మామయ్య: ఎన్నేళ్లకు?

మేనకోడలు: ఒక ఏడు. చూసి మళ్లీ రాసుకుందాం.

మామయ్య: ఏడాదైతే ఒప్పుకోను. ఇప్పుడు రెండేళ్లుగా మంచు లేదు, కాంట్రాక్టరు రేటు తగ్గించే ఇస్తాడు. ఒక మంచు ఏడు వచ్చిందంటే మరుసటేడు మెడ మీద కూర్చుంటాడు. మూడేళ్లకు రాయి. మూడేళ్లలో ఒక ఖాళీ ఏడు, ఒక నిండు ఏడు తగిలితే ఇద్దరికీ సరిపోతుంది.

మేనకోడలు: మూడేళ్లయితే ఫ్లోరు పైకి జరపాలి. ఖాళీ ఏళ్లు ఇకమీదట ఎక్కువ వస్తాయని నేను నమ్ముతున్నాను.

మామయ్య: అయితే క్యాపూ పైకి జరుపుతాను. నిండు ఏడు వస్తే ఇదివరకటికంటే గట్టిగా వస్తుందని కదా మనం తేల్చుకున్నది.

మేనకోడలు: సరే. ఉప్పు సంగతి? 2 అంగుళాల ట్రిగర్ లోపు మంచు పడితే ప్లౌ రాదు. ఈ రెండేళ్లూ ఇక్కడ జరిగిన పని ఎక్కువగా ఉప్పు చల్లడమే. పగలు వాన, రాత్రి గడ్డ. మెయిల్‌బాక్సుల దగ్గర బ్లాక్ ఐస్ మీద ఒకావిడ జారిపడ్డారు.

మామయ్య: అదే అందరూ మరిచిపోయేది. మంచు తగ్గితే పని తగ్గదు, పని రకం మారుతుంది. మంచైతే కనిపిస్తుంది కాబట్టి మనిషి జాగ్రత్తగా నడుస్తాడు. గడ్డకట్టిన వాన నీళ్లు నల్ల రోడ్డు మీద కనపడవు. ఉప్పును సీజన్ రేటులోంచి విడదీసి పెట్టు. ఎన్నిసార్లు చల్లితే అన్నిసార్లు కడదాం, దానికి లెక్క ఉంచుకోమను. ఉప్పు చల్లాల్సిన రాత్రులు ఏటికేడు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో ఆ లెక్కే చెబుతుంది. నీ వేడెక్కడం వాదనకు మన కాలనీలో దొరికే సాక్ష్యం అదొక్కటే.

మేనకోడలు: పిల్లల సంగతి కూడా అడుగుతారు మీటింగులో. ఫిబ్రవరి 13న న్యూయార్క్‌లో 3.2 అంగుళాలు పడితే అక్కడి బడులకు సెలవివ్వలేదు, ఆన్‌లైన్ అన్నారు. పొద్దున్నే అందరూ ఒకేసారి లాగినయ్యేసరికి సిస్టం పడిపోయింది. అరుదుగా పడే మంచుకు కూడా సెలవు లేకుండా ఇక్కడా అలాగే చేస్తారని మావాడు ఏడుపు.

మామయ్య: ఆ కాంట్రాక్టు మన చేతుల్లో లేదు. మంచు తక్కువ పడే కాలంలో పడిన రోజున సెలవు ఇవ్వాల్సింది పోయి, ఆ ఒక్కటీ లాక్కున్నారు. మీవాడి వైపే నేనూ.

మేనకోడలు: మరి మీటింగులో నా వైపు ఉంటారా?

మామయ్య: ఫ్లోరు నీది, క్యాపు నాది, మూడేళ్లు ఇద్దరివీ, ఉప్పు విడిగా. దీనికి చెయ్యెత్తుతాను. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నా. అక్కడ లేచి తొలి మంచు తేదీ చదివావంటే నేనూ లేచి 2011 అక్టోబరు చదువుతాను.

మేనకోడలు: చదవను. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి రాత్రుల కనిష్ఠ ఉష్ణోగ్రతలు తెస్తాను. నలభై ఏళ్లవి.

మామయ్య: తీసుకురా. అవి చూశాక నేను చెప్పడానికి ఏమైనా మిగిలితే చెబుతాను. ఫ్లోరు ఎన్ని అంగుళాలన్నది మాత్రం అవి చూశాకే తేలుద్దాం.